అంబాసిడర్‌కీ పద్మినికీ పెద్ద రిమ్ములు వేసే ముందు

పర్లాకిమిడి నుంచి గుణుపురం వైపు వెళ్తుంటే నౌపడ–గుణుపురం రైలు మార్గం మీద లెవెల్ క్రాసింగులు తగులుతాయి. అక్కడ అంబాసిడర్‌ని గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దాటించి చూడండి. బండి కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల రిమ్ముల మీద ఉంటే పట్టాల దగ్గర "దుబ్ దుబ్" అని మెత్తగా రెండుసార్లు ఊగి సర్దుకుంటుంది. అదే బండికి 17 అంగుళాల అల్లాయ్ రిమ్ములు, పల్చటి టైర్లు వేసి దాటిస్తే "టక్ టక్" మంటుంది. డ్యాష్‌బోర్డు గిలగిలలాడుతుంది, తలుపుల్లో అద్దాలు గలగలమంటాయి, స్టీరింగు పట్టుకున్న బొటనవేళ్లకి దెబ్బ తెలుస్తుంది. స్ప్రింగులు మారలేదు, షాక్ అబ్జార్బర్లు మారలేదు. మారింది టైరు పక్క గోడ ఒక్కటే. మెకానిక్‌లు సైడ్‌వాల్ అనేది దాన్నే.

పెద్ద రిమ్ములు వేస్తే బండి చూడటానికి బాగుంటుందన్న మాట నిజమే. మడ్‌గార్డ్ కింద ఖాళీ తగ్గి బండి నిండుగా కనిపిస్తుంది. అయితే 1958 నుంచి 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ గానీ, 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై తర్వాత పద్మిని అయిన బండి గానీ, టైరుని కూడా సస్పెన్షన్‌లో ఒక భాగంగా లెక్కపెట్టి గీసిన బండ్లు. ఆ భాగాన్ని సగం కోసేస్తే ఏమవుతుందో, ఎంతవరకు కోయవచ్చో, కోయదలుచుకుంటే ఏమేం కొలిచి చూసుకోవాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

మొదటి స్ప్రింగు టైరే

రెండు బండ్లకీ వెనక ఉన్నవి కమాను కట్టలు. అంబాసిడర్‌కి ముందు టోర్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు. కమాను కట్టలో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. బండి ఊగినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ జరగాలి. ఆ రాపిడిని దాటేంత దెబ్బ తగిలేదాకా కట్ట కదలనే కదలదు. అర అంగుళం గతుకు, తారు అతుకు, కంకర తేలిన రోడ్డు, ఇలాంటి చిన్న దెబ్బలకి కమాను కట్ట ఇనుప దుంగలా బిగుసుకుని ఉంటుంది. తుప్పు పట్టి గ్రీజు ఎండిపోయిన కట్ట అయితే ఇంకా ఎక్కువ. ఆ చిన్న దెబ్బలన్నీ మింగేది టైరు గోడే. ఇప్పటి కార్లకి కాయిల్ స్ప్రింగులు, పెద్ద రబ్బరు బుష్‌లు ఉంటాయి కాబట్టి 50 సిరీస్ టైరు, అంటే గోడ ఎత్తు వెడల్పులో 50 శాతమే ఉన్నది, వేసినా చెల్లుతుంది. పాత బండికి వెనక ఆ ఆసరా లేదు.

సైడ్‌వాల్ ఎత్తు లెక్క చాలా తేలిక. 165/80 R14 అని టైరు మీద ఉంటే, 165 మిల్లీమీటర్ల వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు గోడ ఎత్తు. రిమ్ము 14 అంగుళాలు, అంటే 355.6 మిల్లీమీటర్లు. దానికి పైనా కిందా రెండు గోడలు కలిపితే మొత్తం వ్యాసం దాదాపు 620. ఇప్పుడు అదే లెక్క 195/50 R16కి వేయండి: గోడ 97.5, వ్యాసం 601. 205/40 R17 అయితే గోడ 82 మాత్రమే, వ్యాసం 596. 132 నుంచి 82కి దిగితే 50 మిల్లీమీటర్ల రబ్బరు పోయినట్టు. చేతి మూడు వేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి, అంచనాగా అంత మందం దిండుని బండి కింద నుంచి లాగేశారన్నమాట.

గోడ పొట్టిదయ్యేకొద్దీ బిగువు కూడా పెరుగుతుంది. పొట్టి టైరుకి గాలి కూడా ఎక్కువ కొట్టాలి, లేకపోతే గుంటలో రిమ్ము నేలకి తగులుతుంది. రెండూ కలిసి దెబ్బని నేరుగా యాక్సిల్‌కి, అక్కడి నుంచి బాడీకి పంపుతాయి.

రెండో సంగతి బరువు. చక్రం, టైరు, బ్రేకు డ్రమ్ము, యాక్సిల్, ఇవన్నీ స్ప్రింగు కింద వేలాడే బరువులు. ఆ బరువు పెరిగితే గుంటలో పడి లేచిన చక్రాన్ని మళ్లీ రోడ్డుకి అదిమి ఉంచడం షాక్ అబ్జార్బర్‌కి చేతకాదు. చక్రం రోడ్డు మీద గెంతుతూ పోతుంది, వంపుల్లో పట్టు తప్పుతుంది. వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్‌తో సహా మొత్తం యాక్సిల్ వేలాడుతుంది కాబట్టి అక్కడ మూడు నాలుగు కిలోలు పెరిగినా పెద్ద తేడా రాదు. ముందు అలా కాదు, అక్కడ వేలాడే బరువే తక్కువ, పెరిగిన ప్రతి కిలో చేతికి తెలుస్తుంది. అల్లాయ్ అంటే తేలిక అని నమ్మి కొనకండి. మార్కెట్లో చవకగా దొరికే పోత పోసిన 17 అంగుళాల అల్లాయ్ చాలాసార్లు 14 అంగుళాల స్టీలు రిమ్ము కంటే బరువు. కొనే ముందు టైరుతో సహా పాత చక్రాన్ని, కొత్త చక్రాన్ని పాత ఇనుము కొట్లో కాటా మీద పెట్టి తూచండి. చక్రానికి కిలోన్నర కంటే ఎక్కువ పెరుగుతుంటే ఆ జత వదిలేయడం మంచిది.

ఎంతవరకు పోవచ్చు

మా మాట సూటిగా: ఈ ప్రాంతపు రోడ్ల మీద రోజూ తిరిగే పాత బండికి సైడ్‌వాల్ 110 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 100 కంటే కిందకి అసలు వద్దు. వ్యాసం పాత టైరుకి రెండు మూడు శాతం అటూ ఇటూ ఉండాలి, అంతకు మించకూడదు.

పద్మినికి కంపెనీ ఇచ్చింది 5.20-14 క్రాస్‌ప్లై టైరు, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాత రకం. దానికి దగ్గర కొలతలో ఇప్పటి రకం రేడియల్ కావాలంటే 14 అంగుళాల రిమ్ము మీద 155/80 లేదా 165/80 సరిపోతుంది. ఒక అంగుళం పెంచాలని ఉంటే 15 అంగుళాల రిమ్ము మీద 185/65 వేయండి. గోడ 120, వ్యాసం 621. బండికి హుందాతనం వస్తుంది, కుదుపు కొంచెమే పెరుగుతుంది. అక్కడ ఆగిపోండి.

అంబాసిడర్‌కి 5.90-15 టైరు. దీనికి పాత రిమ్ము తీసేసి 6 అంగుళాల వెడల్పున్న 15 అంగుళాల రిమ్ము మీద 195/65 వేస్తే గోడ 127 మిల్లీమీటర్లు మిగులుతుంది. 205/65 R15 అయితే గోడ 133, వ్యాసం 647, పాత టైరుకి చాలా దగ్గర. 16 అంగుళాలే కావాలంటే 205/60 R16: గోడ 123, వ్యాసం 652. 17 అంగుళాల మీద 215/50 వేస్తే గోడ 107కి వస్తుంది. అది మేం చెప్పిన హద్దుకి కింద ఉంది. పైగా 215 వెడల్పుని పవర్ స్టీరింగ్ లేని బండికి ఎక్కించడం భుజాలకీ స్టీరింగు జాయింట్లకీ శిక్ష.

అసలు వ్యాసం ఎంతో పుస్తకంలో వెతకనక్కర్లేదు. సిమెంటు నేల మీద బండి ఆపి, టైరుకి నేల తగిలే చోట సుద్దముక్కతో గీత గీయండి, నేల మీద కూడా గీయండి. బండిని మెల్లగా నెట్టి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగాక రెండో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరాన్ని 3.14తో భాగిస్తే బరువు మీద ఉన్న టైరు వ్యాసం వస్తుంది. కాగితం మీద లెక్క కంటే ఇది కొంచెం తక్కువ చూపిస్తుంది, పాత కొత్త రెండూ ఇదే పద్ధతిలో కొలిస్తే చాలు. వ్యాసం మూడు శాతం తగ్గితే స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి 58లో ఉంటుంది. పెరిగితే ఎదురు: ముల్లు 60 దగ్గరే ఉంటుంది, బండి అంతకంటే ముందు ఉంటుంది. పెరిగిన వ్యాసం వల్ల సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను గొణగడం, దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులకి ఎక్కువ పని పడటం కూడా ఉంటాయి. బరువైన చక్రాన్ని ఆపాలన్నా ఆ డ్రమ్ములే ఆపాలి. అందుకే అనుమానం ఉంటే వ్యాసం కాస్త తక్కువ వైపే ఉంచండి.

ముందు బండి ఒళ్లు చూడండి

కొత్త చక్రాలు బండిలో అప్పటికే ఉన్న జబ్బులన్నింటినీ బయటపెడతాయి. లావు టైరు కప్పిపుచ్చిన కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే నిలువు పిన్ను) అరుగుదల, బుష్‌ల లూజు పల్చటి టైరు వేసిన మర్నాడే చప్పుడై వినిపిస్తాయి. జనం చక్రాల్ని తిట్టుకుంటారు, తప్పు అక్కడ ఉండదు. అందుకని రిమ్ములు కొనే ముందే ఇవి చూడండి.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కుదపండి. టక్ మంటే కింగ్‌పిన్ లేదా బాల్ జాయింట్ లేదా బేరింగు. అదే సమయంలో ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టాలి. చప్పుడు పోతే బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ లేదా బాల్ జాయింట్. తర్వాత చక్రాన్ని కుడి ఎడమలు పట్టుకుని కుదపండి, అక్కడ లూజుంటే టై రాడ్ ఎండ్లు. ఇవన్నీ సరిచేశాకే ముందుకు వెళ్లాలి.

కమాను కట్టల్ని విప్పించి, ప్లేటు ప్లేటూ తీసి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి మళ్లీ కట్టించండి. ఈ ఒక్క పని వల్ల కలిగే మెత్తదనం చాలామంది ఊహించరు. సెంటర్ బోల్టు, యూ-బోల్టులు, షాకిల్ బుష్‌లు కొత్తవి వేయించండి. కట్ట కుంగిపోయి ఉంటే, అంటే రెండు వైపులా కొలిచిన ఎత్తులో 15 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే, వంపు కొట్టించాలి. లారీల పని బాగా జరిగే సాలూరు లాంటి చోట్ల కమాను పని తెలిసినవాళ్లు దొరుకుతారు. కాకపోతే వాళ్ల చేతికి లారీ లెక్క అలవాటు. బండి తేలికది, ప్లేట్లు పెంచొద్దని, వంపు మాత్రమే ఇమ్మని ముందే చెప్పండి. అదనంగా ఒక ప్లేటు కలిపితే వెనక సీటు చెక్క బల్లయిపోతుంది.

అంబాసిడర్ ముందు భాగం కుంగి ఉంటే టోర్షన్ బార్ సర్దించి ఎత్తు సరిచేయించండి. కుడి బారుని ఎడమకీ ఎడమది కుడికీ వేయకూడదు. బండి కిందకి దిగితే అందంగా ఉంటుందని కొందరు అదే టోర్షన్ బార్‌ని వదులు చేస్తారు. పల్చటి టైరు వేసి, బండినీ దించితే చక్రానికి పైకి కదిలే చోటే ఉండదు, ప్రతి గుంటలో బంప్ స్టాపు రబ్బరుకి కొట్టుకుంటుంది. రెండూ కలిపి చేయొద్దు.

షాక్ అబ్జార్బర్ పని చేస్తోందో లేదో తెలుసుకోవాలంటే మడ్‌గార్డ్ మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగితే బాగున్నట్టు. మూడుసార్లు ఊగితే మార్చాలి.

రిమ్ము కొలతలు తీయడం

రిమ్ము బోల్టులు కూర్చునే వలయం వ్యాసం కంటికి ఒకేలా కనిపిస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. 98కి, 100కి తేడా రెండు మిల్లీమీటర్లు. బలవంతంగా నట్టు బిగిస్తే ఎక్కుతుంది, స్టడ్డు పక్కకి వంగి కూర్చుంటుంది, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత తెగుతుంది. నాలుగు స్టడ్లుంటే ఎదురెదురు స్టడ్ల నడిమి నుంచి నడిమికి కొలవండి, అదే లెక్క. ఐదు స్టడ్లుంటే ఎదురుగా స్టడ్డు ఉండదు కాబట్టి పక్కపక్క స్టడ్ల మధ్య దూరాన్ని 1.7తో గుణించండి. 67.2 వస్తే 114.3 అన్నమాట. టేపుతో కాదు, వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. లేత్ షాపుల్లో ఉంటుంది.

తర్వాత ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు నడిమి గీతకీ డ్రమ్ముకి ఆనే ముఖానికీ మధ్య దూరం. పాత రిమ్ముని ముఖం కిందకి పెట్టి నేల మీద పడుకోబెట్టండి. పైన అంచు మీద నిటారైన ఇనుప పట్టీ అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కింద డ్రమ్ముకి ఆనే ముఖం దాకా లోతు కొలవండి. రిమ్ము మొత్తం వెడల్పులో సగాన్ని ఈ లోతు నుంచి తీసేస్తే ఆఫ్‌సెట్. మొత్తం వెడల్పు అంటే రాసి ఉన్న కొలతకి సుమారు ఒక అంగుళం కలపాలి, అంచులు ఉంటాయి కదా.

ఇది ఎందుకంటే, ఉదాహరణకి 4.5 అంగుళాల వెడల్పు, 25 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము తీసి 6 అంగుళాల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ ఉన్నది వేస్తే చక్రం బయటి అంచు 9 మిల్లీమీటర్లు బయటకి వస్తుంది, లోపలి అంచు 29 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. వెనక ఆ 29 మిల్లీమీటర్లలో కమాను కట్టో బ్రేకు పైపో ఉంటే తగులుతుంది. ముందు టై రాడ్‌కి తగులుతుంది. ఆఫ్‌సెట్ తగ్గించి చక్రాన్ని బయటకి తోసేస్తే తగలడం తప్పుతుంది గానీ బేరింగు మీదా కింగ్‌పిన్ మీదా భారం పెరుగుతుంది. ప్రతి గుంటా స్టీరింగుని ఒక పక్కకి లాగుతుంది. అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు కాబట్టి ఆ లాగుడు తగ్గకుండా నేరుగా చేతికొస్తుంది. వీల్ స్పేసర్లు (చక్రానికీ డ్రమ్ముకీ మధ్య వేసే బిళ్లలు) పెట్టి ఈ సమస్య తీర్చమని చెప్పే షాపులో ఆ పని చేయించొద్దు.

కొనే ముందే తగులుతుందో లేదో చూడాలంటే ఒక ఉపాయం ఉంది. ఫ్రిజ్ అట్టపెట్టె అట్ట తీసుకుని కొత్త టైరు వ్యాసానికి గుండ్రంగా కత్తిరించండి. 621 వ్యాసమంటే 310 మిల్లీమీటర్ల దారంతో గీస్తే సరిపోతుంది. చక్రం విప్పి, అట్టని డ్రమ్ముకి బిగించి, స్టీరింగుని రెండు చివర్లకీ తిప్పి చూడండి. రిమ్ములు వచ్చాక అసలు పరీక్ష చేయాలి. మడ్‌గార్డ్ లోపలి అంచున నాలుగైదు చోట్ల పిల్లలు ఆడుకునే మట్టి ముద్దలు, ఒక్కొక్కటి 20 మిల్లీమీటర్ల మందం, అతికించండి. వెనక ముగ్గురిని, ముందు ఇద్దరిని కూర్చోబెట్టి, డిక్కీలో 40 కిలోల బియ్యం బస్తా పెట్టి, ఒక గతుకు రోడ్డు మీద తిప్పి రండి. ముద్ద చితికితే అక్కడ చోటు చాలదు. మడ్‌గార్డ్ అంచు కోయించే ఆలోచన చేయకండి. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు బాడీలో పెద్ద మార్పులు లేకుండా ఉండాలంటాయి. రేపు ఆ గుర్తింపు కావాలనుకునేవాళ్లకి కోసిన మడ్‌గార్డ్ అడ్డం వస్తుంది.

టైరు, ట్యూబు, నట్లు

పాత స్టీలు రిమ్ములు చాలావరకు ట్యూబు టైరు కోసం చేసినవి. ట్యూబ్‌లెస్ టైరు అంచుని పట్టి ఉంచే చిన్న గట్టు వాటి లోపల ఉండదు. వాటి మీద ట్యూబ్‌లెస్‌గా వేసి వంపులో గాలి తగ్గితే టైరు రిమ్ము దిగిపోతుంది. పాత రిమ్ము మీద రేడియల్ వేయాలంటే రేడియల్‌కి పనికొచ్చే ట్యూబు వేయించండి. పల్చటి టైర్లలో మాత్రం ట్యూబు వేయకండి, గోడ మడత దగ్గర ట్యూబు నలిగి వేడెక్కుతుంది.

రిమ్ము వెడల్పుకి టైరు సరిపోవాలి. 165/80కి 4 నుంచి 5.5 అంగుళాలు, 185/65కి 5 నుంచి 6.5, 195/50కి 5.5 నుంచి 7, 205/40కి 7 నుంచి 8. నాలుగున్నర అంగుళాల రిమ్ము మీద 195 వేస్తే టైరు మధ్యలో ఉబ్బి, నడుమ మాత్రమే అరుగుతుంది, వంపుల్లో బండి తూలుతుంది.

టైరు మీద రాసిన లోడ్ ఇండెక్స్ చూడండి. 85 అంటే 515 కిలోలు, 84 అంటే 500, 82 అంటే 475. కొత్త టైరు సంఖ్య కంపెనీ టైరు సంఖ్య కంటే తగ్గకూడదు. గోడ మీద నాలుగంకెల తేదీ కూడా ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరు అరగకపోయినా కొనకండి. అమ్ముడుపోని పెద్ద సైజులు చిన్న ఊళ్లలో చాలాకాలం అటకెక్కి ఉంటాయి. ఒకే యాక్సిల్ మీద క్రాస్‌ప్లై ఒకటి, రేడియల్ ఒకటి ఎప్పుడూ వేయకూడదు. రెండే రేడియల్స్ ఉంటే అవి వెనకే వేయాలి.

అల్లాయ్ రిమ్ము స్టీలు కంటే మందం. పాత స్టడ్డుకి నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతుందో లెక్కపెట్టండి. స్టడ్డు లావు ఎంతో కనీసం అంత లోతుకి నట్టు పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్డు, 1.5 పిచ్ అయితే ఎనిమిది చుట్లు. అయిదు చుట్లకే ఆగిపోతే పొడుగు స్టడ్లు వేయించాలి. నట్టు కూర్చునే చోటు కోన్ ఆకారమా, గుండ్రమా, చదునా చూసి ఆ రకం నట్లే వాడాలి. రిమ్ము నడిమి కన్నం హబ్బు కంటే పెద్దదైతే మధ్యలో రింగు వేయించండి, లేకపోతే 70 దాటగానే స్టీరింగు వణుకుతుంది. నట్లు ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు, మూడు విడతల్లో బిగించాలి.

టైరు ఎక్కించేది మిషను మీదే. దారి పక్క పంక్చర్ షాపులో లీవరూ సుత్తీ పట్టి పల్చటి టైరు ఎక్కించబోతే అల్లాయ్ అంచు పెచ్చులూడుతుంది, టైరు అంచు తీగ దెబ్బతింటుంది. బయలుదేరే ముందు రాయగడలోనో బరంపురంలోనో మిషను షాపు ఎక్కడుందో తెలుసుకుని ఉండండి. అక్కడ పని పూర్తయ్యాక బ్యాలెన్సింగు, తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. పాత పుస్తకాల్లో ఉన్న టో-ఇన్ కొలత, అంటే ముందు చక్రాల ముందంచులు లోపలికి ఎంత తిరిగి ఉండాలన్నది, క్రాస్‌ప్లై టైరుది. రేడియల్‌కి అంతకంటే తక్కువ చాలు. ఆ సంగతి అలైన్‌మెంట్ షాపులో అబ్బాయికి మీరే చెప్పాలి, అతని కంప్యూటరులో పద్మిని ఉండకపోవచ్చు.

గాలి

క్రాస్‌ప్లై టైరుకి 24, 26 పాయింట్లు (పీఎస్‌ఐ) కొట్టించే అలవాటుతో పల్చటి టైరుకి కొట్టిస్తే మొదటి గుంటలోనే రిమ్ము వంగుతుంది. 65 సిరీస్‌కి 30 దగ్గర మొదలుపెట్టండి, 50 సిరీస్‌కి 33 దగ్గర. తర్వాత బండికి తగ్గట్టు సరిచేసుకోవాలి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గాలి చూసి, అరగంట నడిపి మళ్లీ చూడండి. నాలుగు పాయింట్లు పెరిగితే సరిగ్గా ఉన్నట్టు. ఆరేడు పెరిగితే గాలి తక్కువై టైరు ఎక్కువ మడత పడుతోందని అర్థం. రెండే పెరిగితే ఎక్కువ కొట్టారు. టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి, వంద మీటర్లు నేరుగా నడిపి చూసినా తెలుస్తుంది: నడిమి గీత మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ.

దాదాపు అయిదున్నర డిగ్రీల వేడికి ఒక పాయింటు చొప్పున గాలి మారుతుంది. మే నెల మధ్యాహ్నం బరంపురంలో కొట్టించిన గాలితో జనవరిలో కోరాపుట్ కొండ మీద తెల్లవారుజామున బయలుదేరితే నాలుగైదు పాయింట్లు తగ్గి ఉంటుంది. లావు టైరు ఆ తగ్గుదలని ఓర్చుకుంటుంది. 97 మిల్లీమీటర్ల గోడ ఓర్చుకోదు. అందుకే పల్చటి టైర్లున్న బండికి వారానికోసారి గాలి చూడాలి, డ్యాష్‌బోర్డులో సొంత గేజి ఒకటి ఉండాలి.

వానలప్పుడు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ వైపు రోడ్ల మీద ఎర్రమట్టి కొట్టుకొచ్చి గుంటలు నీళ్లతో నిండి లోతు కనిపించదు. వెడల్పు టైరు నీళ్లని చీల్చుకుని పోలేదు, నీటి మీద తేలుతుంది. ఎర్ర బురదలో కూడా అంతే: సన్నటి పాత టైరు బురదని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుంటుంది, వెడల్పుది పైపైన జారుతుంది. పాత బండి యజమానులకి ఇది చాలా తక్కువగా చెబుతుంటారు గానీ, వానాకాలంలో ఊరి దారులు ఎక్కువగా తిరిగేవాళ్లకి 165 వెడల్పే మేలు.

గుంటలో గట్టిగా పడ్డాక బండి ఆపి చక్రాన్ని లోపలి వైపు కూడా చూడండి. బయటి అంచు బాగుండి లోపలి అంచు నొక్కుకుపోవడం మామూలు. వేలితో అంచు వెంట తడిమితే చిన్న నొక్కు కూడా తెలుస్తుంది. స్టీలు రిమ్ము నొక్కుని కొట్టి సరిచేయించవచ్చు. పోత అల్లాయ్ పగలవచ్చు. పగులు కనిపిస్తే వెల్డింగు చేయిస్తామనే మాట వినకండి, ఆ రిమ్ము పాత ఇనుము కిందకే. టైరు గోడ మీద నిమ్మకాయంత బుడిపె లేస్తే లోపలి దారాలు తెగాయన్నమాట. గాలి నిలిచే ఉంటుంది, బండి మామూలుగానే నడుస్తుంది, అయినా ఆ టైరు మీద ఘాట్ ఎక్కకూడదు. స్టెప్నీ వేసుకుని అదే రోజు మార్చండి.

స్టెప్నీ సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. 16, 17 అంగుళాల చక్రం పాత స్టెప్నీ చోట్లో పట్టకపోవచ్చు. అందుకని పాత 14 లేదా 15 అంగుళాల చక్రాన్నే స్టెప్నీగా ఉంచుతారు. వ్యాసం తేడా ఉన్న చక్రాన్ని వెనక వేసి దూరం పోతే డిఫరెన్షియల్ గేర్లు ఆగకుండా తిరిగి వేడెక్కుతాయి. తేడా స్టెప్నీ అయితే ముందు వేయండి, వెనక పంక్చరైతే ముందు చక్రం వెనకకి మార్చి స్టెప్నీని ముందుకి తెచ్చుకోండి, 50 దాటకుండా దగ్గర ఊరి దాకా పోనివ్వండి. పాత స్టీలు రిమ్ము నట్లు అల్లాయ్ నట్లు ఒకటి కావు కాబట్టి ఆ నట్ల జత కూడా డిక్కీలో ఉండాలి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 15 ఏళ్లు దాటిన బండిని ప్రతి అయిదేళ్లకీ తనిఖీకి తీసుకెళ్లాలి. అక్కడ మడ్‌గార్డ్ బయటకి పొడుచుకొచ్చిన టైరు మొదట కంటపడుతుంది. పాత నాలుగు రిమ్ములూ, హబ్ క్యాపులూ అమ్మేయకండి. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, గోనెసంచిలో చుట్టి, నేలకి ఆనకుండా పెట్టుకోండి. తనిఖీకి వెళ్లే రోజు అవే వేసుకోవచ్చు.

కొత్త చక్రాలు వేసుకుని మొదటిసారి బయలుదేరినప్పుడు పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లి వచ్చినంత చిన్న దూరమే పెట్టుకోండి. తిరిగొచ్చాక చక్రాలు చేతికి ముట్టి చూడండి. ఒక చక్రం నడుమ మిగతా మూడింటికంటే వేడిగా ఉంటే బ్రేకు పట్టుకుంటోంది లేదా బేరింగు బిగువైంది. 50, 80 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారనిచ్చి, నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. అల్లాయ్ మీద రంగు పూత నలిగి నట్లు అర చుట్టు వదులవడం మొదటి వందలోనే జరుగుతుంది.